బాలింత ఎనిమోన్

ప్రసూతి వార్డులో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి ఒక పిల్లను తారుమారు చేసింది. వార్డులో కాదు, తన ఇంటి హాల్లో.

వార్డులో అందరూ ఆమెను సిస్టర్ అంటారు. వీధిలోనూ అదే పేరు. బిడ్డ పుట్టాక తల్లి పక్కనుంచి కదిలించే ముందే బిడ్డ కాలికి ఒక పట్టీ, తల్లి చేతికి ఒక పట్టీ కట్టాలి. రెండింటి మీదా ఒకే అంకె. కట్టేటప్పుడు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు విని సరేననాలి. ఈ పద్ధతిలో ఆమె చేతుల మీదుగా కొన్ని వేల మంది పిల్లలు ఇళ్లకు వెళ్లారు. ఒక్కరు కూడా పక్కింటికి వెళ్లలేదు. కొత్తగా చేరిన నర్సులకు ఆమె చెప్పే మొదటి మాట ఒకటే: మొహం చూసి గుర్తుపట్టామనుకోకండి, పుట్టిన పూట అందరి మొహమూ ఒకేలా ఉంటుంది.

ఇంట్లో ఆమె భర్త కూడా ఇలాంటి మాటే చెప్తాడు, వేరే ప్రాణుల గురించి. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్. వాళ్ల హాల్లో సోఫా ఉండాల్సిన చోట నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. తొట్టి రావడంతో సోఫా పడగ్గదిలోకి వెళ్లింది, పడగ్గదిలోని బీరువా సిస్టర్ అత్తగారి గదిలోకి వెళ్లింది, అత్తగారు తన కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు వేసుకుంది. తొట్టిలో ఉన్నవి సముద్రపు నీళ్లే కానీ సముద్రం నుంచి తెచ్చినవి కావు. శుద్ధి చేసిన నీళ్లలో తొట్ల కోసం అమ్మే ఉప్పు కలిపి ఇన్‌స్పెక్టర్ చేసినవి. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు. ముప్పై ఆరు పడితే పారబోసి మళ్లీ కలుపుతాడు.

తొట్టి మధ్యలో రాళ్ల గుట్ట, గుట్ట మీద ఎనిమోన్. చూసినవాళ్లు పువ్వనుకుంటారు. అది జంతువు. అడుగున ఒక పాదం ఉంటుంది, దాంతో రాయిని పట్టుకుంటుంది. బుద్ధి పుడితే ఆ పాదంతోనే మెల్లగా జరుగుతుంది. పాదం మీద బోదె, బోదె మీద పళ్లెం, పళ్లెం చుట్టూ వేళ్లు, నడుమ నోరు. ఆ వేళ్లు కుడతాయి. తెల్లచారల నారింజ చేపలు రెండింటిని మాత్రం కుట్టవు. అవి దాని వేళ్ల మధ్యనే కాపురం పెట్టాయి.

ఎనిమోన్లను గుర్తుపట్టడం గురించి ఇన్‌స్పెక్టర్ ఉపన్యాసం వినకుండా ఆ ఇంటినుంచి ఎవరూ బయటపడలేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా విన్నాడు. రంగు చూడొద్దు, అది దీపాన్ని బట్టి మారుతుంది. వేళ్లు చూడొద్దు, అవి తిండిని బట్టి, వెలుతురును బట్టి మారతాయి. కింద పాదం చూడాలి, బోదె చూడాలి. బోదె నున్నగా ఉందా, మొటిమలున్నాయా? అబద్ధమాడలేనివి ఆ రెండే. తమ దాని బోదె నున్నన. వేళ్ల కొసలు బుడగల్లా ఉబ్బి ఉంటాయి, కానీ ఆ బుడగల్ని నమ్మొద్దు. ఉపన్యాసం ఇక్కడికి వచ్చేసరికి అత్తగారు కళ్లు మూసుకునేది.

ఆయనకు ఒకటే లోటు. ఈ జాతి ఎనిమోన్ బాగా ఎదిగాక తనను తాను రెండుగా చీల్చుకుంటుంది. రెండు ముక్కలూ బతుకుతాయి. వీళ్లది మూడేళ్లయినా చీలలేదు.

ఊళ్లో ఉప్పునీటి తొట్లు ఉన్నవాళ్లకు ఒక సంఘం ఉంది. అధ్యక్షుడు గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఎవరి తొట్టిలో ఏది ఎప్పుడు చీలిందో ఆయన ఒక రిజిస్టరులో రాసి సంతకం పెడతాడు. ఆయన ఎనిమోన్ నాలుగుసార్లు చీలింది. ఇన్‌స్పెక్టర్ ఇంట్లో ఉన్నది అందులో ఒక ముక్కే, ఆయన చేత్తో ఇచ్చింది. నెలకోసారి జరిగే సమావేశంలో ఆయన ఇన్‌స్పెక్టర్ భుజం మీద చెయ్యి వేసి, విశేషమేమైనా ఉందా అని అడిగేవాడు, కొత్తగా పెళ్లయిన అమ్మాయిని అడిగినట్టు. ఇన్‌స్పెక్టర్ అలాగే తల దించుకునేవాడు.

ఇలా ఉండగా ఆయనకు తొమ్మిది రోజుల శిక్షణ పడింది, వేరే ఊళ్లో. వెళ్లేముందు నాలుగు కాగితాల నిండా సూచనలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఎనిమోన్ తన చోట ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూడాలన్నది పదకొండో సూచన. లేకపోతే ఏం చెయ్యాలో పన్నెండోదానిలో లేదు. అందులో దీపం తుడిచే పద్ధతి ఉంది.

నాలుగో రోజు, గురువారం ఉదయం, సిస్టర్ డ్యూటీకి తయారవుతుంటే అత్తగారు కుర్చీలోంచి పిలిచింది.

"అమ్మాయ్, మీ ఆయన పువ్వు లేదు."

సిస్టర్ వచ్చి చూసింది. గుట్ట మీద రాయి ఉంది, రాయి మీద ఏమీ లేదు. పంపు మూతి దగ్గర చూసింది. ఎనిమోన్ నడుస్తూ పోయి పంపులో ఇరుక్కుంటే ముక్కలైపోతుందని సూచనల్లో మూడుచోట్ల ఉంది. పంపు మూతికి కట్టిన స్పాంజి అలాగే ఉంది. టార్చి వేసి, అందినంత మేర చెయ్యి పెట్టి రాళ్ల సందుల్లో చూసింది. నేల మీద చూసింది. అత్తగారు కుర్చీ కింద కూడా చూడమంది, చూసింది.

చచ్చిపోయి ఎక్కడైనా కుళ్లుతుంటే ఒక్క పూటలో తొట్టి మొత్తం పాడవుతుంది. సిస్టర్ ఇన్‌స్పెక్టర్ పెట్టెలోని సీసాలు తీసి నీళ్లు పరీక్షించింది. కుళ్లితే పెరగాల్సిన అమోనియా సున్నా. వార్డులో అయితే ఆ ఒక్క ఫలితం చూసి, పేషెంటు బతికే ఉంది, వెతకండి అనేది. ఇంట్లో ఆ మాట తట్టలేదు. సీసా మూత పెట్టి, పోయిందనుకుంది.

చేపలు రెండూ గుట్ట వెనక్కి వెళ్లి చాలాసేపు రావడం లేదు. దిగులు పెట్టుకున్నాయని అత్తగారు తేల్చింది. నిలువనీడ లేకపోతే ఎవరికుండదు దిగులు, అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి, ఎలా ఉందని అడిగాడు. బాగుందని సిస్టర్ చెప్పింది. అది మొదటి అబద్ధం. ఫోన్ పెట్టేశాక, ఆ అడిగింది నా గురించా దాని గురించా అని అత్తగారు అడిగింది. దానికి కూడా సిస్టర్ సరిగ్గా జవాబు చెప్పలేదు.

శనివారం సెలవు. ఆమె ఫోన్లో ఎనిమోన్ ఫొటో పెట్టుకుని, రెండు బస్సులు మారి చేపల దుకాణానికి వెళ్లింది. దుకాణమంతా నీలం దీపాలు. ఆ వెలుతురులో కౌంటర్ మీది బిల్లు పుస్తకం కూడా సముద్రంలోంచి తీసినట్టుంది. దుకాణదారుడు ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే ఫొటో చూశాడు, మూలనున్న తొట్టి వైపు వేలు చూపించాడు. అందులో ఒక ఎనిమోన్ మూతి కట్టిన సంచిలా ముడుచుకుని ఉంది. నిన్ననే వచ్చిందనీ, ప్రయాణం బడలిక వల్ల అలా ఉందనీ, ఇంటికెళ్లి రెండు రోజులైతే విచ్చుకుంటుందనీ చెప్పాడు.

"ఇది ఈ ఫొటోలోదేనా అండీ? అదే జాతేనా?"

"అదేనమ్మా. అన్నీ అదే."

వార్డులో ఏ నర్సయినా పిల్లల గురించి ఇలా జవాబిచ్చి ఉంటే సిస్టర్ ఆమెను ఆ పూట గది బయట నిలబెట్టేది. దుకాణంలో మాత్రం సరేనంది. పాదం చూడలేదు. బోదె చూడలేదు. మూడేళ్లుగా విన్న ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆమె కళ్ల ముందు ఉన్నది ఒక్కటే: బుధవారం మధ్యాహ్నం రైలు దిగి ఇంటికొచ్చి, సంచీ కూడా కింద పెట్టకుండా తొట్టి వైపు నడిచే మనిషి.

ఇంటికి తెచ్చాక మాత్రం తన విద్యంతా చూపించింది. సన్నటి గొట్టంతో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా బకెట్లోకి వదిలి, కొత్త నీటికి దాన్ని అలవాటు చేసింది. నిమిషానికి ఎన్ని చుక్కలో గడియారం చూసి లెక్కపెట్టింది. సెలైన్ పెట్టినప్పుడు ఎంత ఓపికగా కూర్చుంటుందో అంత ఓపికగా రెండు గంటలు బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. తర్వాత పిడికిలంత రాయి మీద దాన్ని నిలబెట్టి, పాదం పట్టుకున్నాక, ఆ రాయిని గుట్ట మీద ఖాళీ చోట పెట్టింది.

అది మర్నాటికి విచ్చుకుంది. చేపలు దాని దగ్గరికి రాలేదు. గుట్ట వెనకనుంచి ఒకసారి తొంగి చూసి మళ్లీ వెనక్కి పోయాయి. సవతి తల్లిని ఒప్పుకోవడం లేదని అత్తగారు అంది. కొన్న విషయం ఆమెకు తెలుసు. కొడుకుతో చెప్పనని ఆమె మాట ఇవ్వలేదు, సిస్టర్ అడగనూ లేదు. అత్తాకోడళ్లకు ఆ విషయంలో ఒప్పందం అవసరం లేకపోయింది.

మంగళవారం మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ సిస్టర్ తొట్టి వైపు చూసి, చెప్పులు ఒకటి వేసుకుని ఒకటి వేసుకోకుండా ఆగిపోయింది. గుట్ట వెనకనుంచి పాత ఎనిమోన్ బయటికొచ్చి, కొత్తదానికి జానెడు దూరంలో కూర్చుంది. వేళ్ల కొసన బుడగలు, వేళ్ల మధ్య చేపలు రెండూ. అయిదు రోజులూ అది వెనకే ఉంది. చేపలు వెళ్లింది దిగులుతో కాదు, ఇంటికి.

"ఇప్పుడు రెండయ్యాయి," అంది అత్తగారు. "ఏం చేస్తావు?"

రేపు ఉదయం కొత్తదాన్ని రాయితో సహా తీసి, దుకాణానికి తిరిగిచ్చేస్తానని సిస్టర్ చెప్పింది. ఆయన వచ్చేది మధ్యాహ్నం కదా. సాయంత్రం డ్యూటీలో కూడా ఏ బస్సెక్కాలో, బకెట్ మీద ఏ మూత పెట్టాలో ఆలోచించుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఉదయం ఆరింటికే దిగాడు. ముందు రైల్లో సీటు దొరికిందట. సిస్టర్ వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. సంచీ భుజం మీదే ఉంది. వేలితో రెండింటినీ లెక్కపెట్టి ఒక్క మాట అన్నాడు.

"చీలింది."

సిస్టర్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట వచ్చేలోపు ఆయన గడియారాల పెద్దాయనకు ఫోన్ చేసి, మీరు తాతయ్యారని చెప్పేశాడు. ఫొటో తీసి పంపాడు. పది నిమిషాల్లో పెద్దాయన తిరిగి ఫోన్ చేసి, రిజిస్టరులో ఎక్కించానని, తన తొట్టిలోని దాని పోలికలే వచ్చాయని చెప్పాడు. ఈ ఆదివారం కాకుండా ఆ పై ఆదివారం సంఘం మొత్తం చూడ్డానికి వస్తుందన్నాడు. అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు నేల వైపు చూసింది.

ఆ తర్వాత చెప్పడానికి ప్రతి పూటా ఒక అడ్డం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పుస్తకంలో వివరాలు రాస్తూ, నేను లేనప్పుడు నువ్వేం చేశావని ఆమెనే అడిగాడు. నీళ్లు మార్చావా, ఏ రోజు, ఎన్ని లీటర్లు? ఆమె నీళ్లు నమిలింది. గురువారం చేత్తో రాళ్ల మధ్య వెతికానని మాత్రం చెప్పింది. అదే, ఆ కదలికకే చీలి ఉంటుంది అని ఆయన రాసుకున్నాడు. సంఘంలో చదవబోయే వ్యాసంలో ఆమె పేరు పెట్టాడు, పురుడు పోసిన మనిషిగా. రాసింది పైకి చదివి వినిపించాడు. తను మూడేళ్లలో చేయలేనిది ఆమె నాలుగు రోజుల్లో చేసిందని అందులో ఉంది. పెళ్లయ్యాక ఆయన ఆమె గురించి రాసిన మొదటి వాక్యం అది. ఆమె విని, టీ పెట్టడానికి లేచింది.

పిల్ల వేళ్లు తల్లి వేళ్లకంటే పొడుగ్గా ఉన్నాయి, కొసల్లో బుడగలు లేవు. చిన్నప్పుడు ఉండవు, ఎదిగాక వస్తాయన్నాడు. కొసలు ఊదారంగులో ఉన్నాయి. దీపం వల్ల అన్నాడు. చేపలు దాని దగ్గరికి పోవడం లేదు. పసిపిల్ల మీద బరువు పడకూడదని వాటికి తెలుసన్నాడు. రంగు చూడొద్దు, వేళ్లు చూడొద్దు అని మూడేళ్లు చెప్పిన మనిషి ఇప్పుడు రంగు, వేళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు. సంఘంలోని డ్రాయింగ్ టీచరమ్మ ఆగలేక ముందుగానే వచ్చి రెండింటి బొమ్మలూ గీసుకుంది. నోటి దగ్గర అచ్చు తల్లేనని ఆమె చెప్పింది.

తల్లి నీరసించడం మొదలైంది అయిదో రోజున. వేళ్లు కుదించుకుపోయాయి. పళ్లెం వంగింది. నోరు తెరుచుకుని ఉండిపోయింది. బాగున్న ఎనిమోన్ నోరు గట్టిగా మూసుకుని ఉంటుంది; తెరిచిన నోరు ప్రమాదమని ఆ ఇంట్లో మీటరు చూసేవాడి దాకా అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం కంగారు లేదు. అది బాలింత అన్నాడు. శరీరాన్ని రెండుగా చీల్చుకున్న ప్రాణికి నీరసం ఉండదా? దీపం తగ్గించాడు, తొట్టికి ఒకవైపు దుప్పటి కప్పాడు, కుర్చీలోని అమ్మకు ఇక్కడ గట్టిగా మాట్లాడొద్దని చెప్పాడు. రొయ్య ముక్క పెడితే అది పట్టుకుని మళ్లీ వదిలేసింది. ఆయన భార్య దగ్గరికి వచ్చాడు.

"మీ వార్డులో బాలింతలు మొదట్లో సరిగ్గా తినరు కదా?"

"కొందరు తినరు."

"ఎన్నాళ్లకి కోలుకుంటారు?"

వారం, పది రోజులని ఆమె చెప్పింది. అది నిజమే. ఆడవాళ్ల విషయంలో నిజం.

శుక్రవారం ఆమె భర్త లావు పుస్తకాన్ని సంచీలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లింది. భోజనం గంటలో, చంటిపిల్లల బట్టలు ఆరేసే వరండాలో కూర్చుని చదివింది. నాలుగో అధ్యాయంలో దొరికింది. ఒకటే ఎనిమోన్ చీలి రెండైతే అవి పక్కపక్కనే బతుకుతాయి, ఒకదాన్నొకటి ఏమీ చేయవు. రెండు వేర్వేరు జాతులు చిన్న తొట్టిలో ఉంటే నీళ్లలోకి విషం వదులుతాయి. బలం తక్కువది ముడుచుకుని, నోరు తెరిచి, కొన్నాళ్లకు పోతుంది. పక్క పేజీలో బొమ్మలున్నాయి. బుడగల జాతి బొమ్మ, నున్నటి బోదె. దాని కింద ఇంకో జాతి, పొడుగు వేళ్లు, ఊదా కొసలు, బోదె మీద మొటిమల వరసలు.

సిస్టర్ పుస్తకం మూసి కాసేపు కూర్చుంది. కొన్నానన్న సంగతి దాస్తే పోయేది ఏమీ లేదని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఆయన సంతోషం ఆయనకుంటుంది, వ్యాసం వ్యాసంగా ఉంటుంది. ఇప్పుడు ఆయన బాలింత అని దుప్పటి కప్పినది హాల్లో చచ్చిపోతోంది. వేరు చేస్తే బతుకుతుంది. వేరు చెయ్యాలంటే చెప్పాలి. ఎల్లుండి సంఘం వాళ్లు అయిదుగురు వస్తున్నారు.

ఆ సాయంత్రం చెబుదామని ఇంటికొస్తే ఆయన పెద్దాయనతో ఫోన్లో ఉన్నాడు. కుర్చీలు ఎన్ని తెప్పించాలో మాట్లాడుకుంటున్నారు. ఆమె ఇంకో పూట ఆగింది.

శనివారం మధ్యాహ్నం ఆయన తొట్టి గాజు తుడుస్తున్నాడు. అత్తగారు కుర్చీలో ఉంది. సిస్టర్ చేతులు కడుక్కుని వచ్చింది.

"ఏవండీ, ఆ రెండోది పిల్ల కాదు. నేను కొన్నాను."

ఆయన గుడ్డ ఆపలేదు. ఏది అని అడిగాడు. ఆమె మొదటినుంచీ చెప్పింది: గురువారం, టార్చి, ఫొటో, దుకాణం, రెండు బస్సులు. ఆయన విన్నాడు. గుడ్డ పిండి ఆరేశాడు. కాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. తిడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన లెక్క వేస్తున్నాడు.

"అంటే మొత్తం మూడు ఉండాలి," అన్నాడు. "తల్లి, పిల్ల, నువ్వు కొన్నది. ఇప్పుడున్నవి రెండు. నువ్వు కొన్నదే పోయి ఉంటుంది."

"పిల్ల ఎక్కణ్నుంచి వచ్చిందండీ?"

"చీలింది కదా."

"చీలలేదండీ. అదే చెప్తున్నాను."

"నువ్వు చూశావా, చీలకపోవడం?"

అత్తగారు అప్పటిదాకా ఊరుకుంది. ఇక ఊరుకోలేకపోయింది.

"ఒరేయ్, చచ్చినదుంటే కంపు కొట్టదూ? పొద్దస్తమానం ఇక్కడే కూర్చున్నదాన్ని, నాకు తెలీదా?"

ఆయన కాగితం మీద ఇంకో గీత గీశాడు. దుకాణదారుడు మంచివాడైతే అదే జాతి ఇచ్చి ఉంటాడనీ, అదే జాతైతే పోలికలుండటంలో వింత లేదనీ, వింత లేకపోతే అది పిల్ల కాదనడానికి ఆధారం లేదనీ చెప్పాడు. సిస్టర్‌కు ఆ తర్కం మొదలు దొరికింది గానీ చివర దొరకలేదు. ఆమె బీరువాలోంచి చేతి తొడుగులు తెచ్చింది, బకెట్లో తొట్టి నీళ్లు నింపింది.

"పాదం చూద్దాం రండి. మొహం చూసి చెప్పొద్దన్నది మీరే."

ఆయన వచ్చాడు. పసిదాన్ని కదపొద్దని రెండుసార్లు అన్నాడు. ఆమె కొత్తదాన్ని రాయితో సహా ఎత్తి బకెట్లోకి దించింది. అది ముడుచుకుంది. తొడుగు వేసిన రెండు వేళ్లతో పైనున్న ఎనిమోన్ వేళ్లను పక్కకు జరిపి, బోదె కనిపించేలా పట్టుకుంది. ఆయన తూకపు రాళ్ల మీది ముద్రలు చూసే భూతద్దం తెచ్చి వంగాడు. ఆమె వార్డులో చదివినట్టు పైకి చదివింది.

"బోదె మీద మొటిమలు. తెల్లవి. పైనుంచి కిందికి వరసలుగా ఉన్నాయి."

ఆయన భూతద్దం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత బకెట్ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"పది రోజులు," అన్నాడు. "పది రోజుల్లో ఒక్కసారి కూడా నేను బోదె చూడలేదు."

సిస్టర్ కొత్తదాన్ని బకెట్లో రాయితో సరిగ్గా నిలబెట్టి, తొడుగులు తీసేసింది.

"వేరే జాతని నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"మీరు కుర్చీలు మాట్లాడుకుంటున్నారు."

ఆయన తల తిప్పి తొట్టిలోని పాతదాన్ని చూశాడు. దాని నోరు తెరిచే ఉంది. దుప్పటి లాగేశాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇద్దరికీ మాట్లాడుకునే తీరిక లేదు. కొత్తదాని బకెట్‌కి హీటరు, గాలి గొట్టం పెట్టి స్నానాలగదిలో ఉంచారు. తొట్టిలో సగం నీళ్లు తోడేశారు. విషాన్ని పీల్చే బొగ్గు సంచీ వడపోతలో పెట్టారు. కొత్త నీళ్లకు ఆయన ఉప్పు తూచాడు, రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి ఆమె తూచింది, ఆయన అంకె చూసి సరేనన్నాడు. అన్నీ అయ్యాక, రేపు రావద్దని పెద్దాయనకు ఫోన్ చేయమని అత్తగారు సలహా ఇచ్చింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశాడు. ఫోన్లో చెప్పే మాట కాదన్నాడు.

ఆదివారం పదింటికి అయిదుగురూ వచ్చారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని వచ్చాడు. డ్రాయింగ్ టీచరమ్మ తన బొమ్మకు అద్దం కట్టించి తెచ్చింది, తల్లీపిల్లల బొమ్మ. కుర్చీల్లో కూర్చున్నారు. తొట్టిలో ఒకటే ఉంది. పిల్ల ఏదని ఎవరో అడిగారు. స్నానాలగదిలో ఉందని అత్తగారు చెప్పింది. ఆ జవాబుకు కొనసాగింపు ఉంటుందని అందరూ ఎదురుచూశారు.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. వ్యాసం చేతిలో లేదు. చీలలేదని చెప్పాడు. అది దుకాణంలో కొన్నదని, జాతి కూడా వేరని, తను పది రోజులు గుర్తుపట్టలేదని, దానివల్ల పెద్దాయన ఇచ్చింది చావు దాకా వెళ్లిందని చెప్పాడు. ఎవరు కొన్నారో చెప్పలేదు. వంటింటి గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడ్డ సిస్టర్, కొన్నది నేనని చెప్పింది.

టీచరమ్మ అద్దం కట్టిన బొమ్మను మెల్లగా బోర్లించి ఒళ్లో పెట్టుకుంది.

తర్వాత అందరూ స్నానాలగదికి వెళ్లారు. అయిదుగురు, భార్యాభర్తలు ఇద్దరు, బకెట్ ఒకటి. గదిలో పట్టక ఇద్దరు గుమ్మంలో నిలబడి లోపలివాళ్లు చెప్పింది వింటున్నారు. పెద్దాయన గడియారం అద్దం కంటికి బిగించుకుని బకెట్ మీదికి వంగాడు. మొటిమలు చూశాడు. లేచి నడుము సరిచేసుకున్నాడు.

"నా పోలికలు వచ్చాయన్నాను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఒకాయన బయటికి వెళ్లాడు.

హాల్లోకి వచ్చాక పెద్దాయన రిజిస్టరు తెరిచాడు. ఆ పేజీలో ఇన్‌స్పెక్టర్ ఎనిమోన్ చీలినట్టు తేదీతో ఉంది, కింద 'చూసి నిర్ధారించడమైనది' అని, దాని కింద ఆయన సంతకం. రిజిస్టరు మొదలుపెట్టి పదిహేడేళ్లయిందట. ఒక్క కొట్టివేత లేదట. ఇప్పుడు కొట్టేయాలి, పక్కన కారణం రాయాలి. గుర్తుపట్టడంలో పొరపాటు, బాధ్యుడు ఇన్‌స్పెక్టర్ అని రాయమని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. తెచ్చింది తనైతే ఆయన పేరెందుకని సిస్టర్ అడ్డం వచ్చింది. పెద్దాయన కలం మూత తీసి, ఇద్దరి పేర్లూ కాదన్నాడు. ఫొటో చూసి, చూసి నిర్ధారించానని సంతకం పెట్టింది తనే, రాస్తే తన పేరే రాయాలి. అలాగైతే బొమ్మ గీసిన తన పేరు కూడా రాయాలని టీచరమ్మ పట్టుబట్టింది. నవ్వడానికి బయటికి వెళ్లినాయన తిరిగొచ్చి, ఫొటో చూసి తనూ అభినందనలు పంపానని ఒప్పుకున్నాడు. పేర్లన్నీ రాయడానికి ఆ గడిలో చోటు సరిపోదని తేలింది. గడి దాటి రాయొచ్చా అన్న దాని మీద ఇంకో చర్చ మొదలైంది. టీలు చల్లారాయి.

అత్తగారికి ఈ గొడవ పట్టలేదు. ఆమె తన కుర్చీలో తొట్టి వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఎవరి పేరైనా రాసుకోండి గానీ," అంది, "అది నోరు మూసింది. వచ్చి చూడండి."

కుర్చీలు కదిలాయి. అందరికంటే ముందు ఇన్‌స్పెక్టర్ చేరి గాజు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాత ఎనిమోన్ నోరు గీతంత సన్నగా మూసుకుని ఉంది. ఒకవైపు అయిదారు వేళ్లు లేచి నిలబడ్డాయి, మిగతావి ఇంకా వాలే ఉన్నాయి. ఒక చేప వచ్చి లేచిన వేళ్ల మధ్యకు దూరి, అటూ ఇటూ తిరిగి, అక్కడే ఆగింది. రెండోది దాని వెనకే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి వెనక్కి చాచి, అక్కడ ఎవరున్నారో చూడకుండానే, సిస్టర్ మణికట్టు పట్టుకున్నాడు.

పెద్దాయన కూడా వంగి చూస్తున్నాడు. మూత తీసిన కలం బల్ల మీద, తెరిచిన పేజీ మీదే ఉండిపోయింది. ఆ గడిలో ఎవరి పేరూ పడలేదు. ఒక సిరా మచ్చ పడింది. అది సంతకాన్ని సగం దాకా కప్పేసింది.